పరిశోధన ఆసుపత్రి బాగేపల్లి దాకా రావాలి

గౌరవనీయులైన కర్ణాటక వైద్య విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది బాగేపల్లి తాలూకా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. ప్రస్తుతం ఉండేది బెంగళూరు యలహంకలో. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా రిపోర్టులు క్యారీబ్యాగులో పెట్టుకుని తెల్లారేసరికి మా గుమ్మంలో ఉంటారు. వాళ్ల తరఫునే ఈ ఉత్తరం.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) ఆవరణలో 800 పడకల ఆసుపత్రి, దాంతోపాటు మెడికల్ కాలేజీ తలపెట్టారు. అందుకోసం 2022లో బాగ్చీ దంపతులు, పార్థసారథి దంపతులు కలిసి 425 కోట్ల రూపాయల విరాళం ప్రకటించారు. ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివిస్తారట. అంటే ఓపీలో రోగిని చూసిన డాక్టరే ల్యాబ్‌లో కూర్చుని ఆ జబ్బు ఎందుకొచ్చిందో వెతుకుతారు. పడకలు ఇంకెక్కడైనా దొరుకుతాయి సార్, మాకు కావలసింది ఆ వెతకడమే.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియంది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. మా పెద్దమ్మ పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేదు. ఎక్కడ చూపించినా నొప్పి మాత్రలు రాసి, వయసు మీద పడింది కదా అంటారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి 1937లోనే రాశారు. ఇన్నేళ్లు గడిచాక కూడా వయసు మీదకి తోసేస్తే ఎలా?

ఇంకోటి కోలారు చెరువులు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, కేసీ వ్యాలీ (కోరమంగల-చల్లఘట్ట) పథకం కింద అక్కడికి పంపుతున్నారు. ఎండిన చెరువుల్లో నీళ్లు కనబడ్డాయి, కాదనను. కానీ ఆ నీళ్లు మంచివేనా అంటే తలా ఒక మాట చెబుతారు. చెరువు పక్క ఊళ్ల జనం ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి వరసగా గమనిస్తే తప్ప ఇది తేలదు. రోగి వచ్చేదాకా ఎదురుచూసే ఆసుపత్రి వల్ల అయ్యే పని కాదు.

పరిశోధన అంటే మా వాళ్లకి టెన్షనే, మన మీద ప్రయోగాలు చేస్తారేమోనని. కొత్త మందుల ట్రయల్స్‌కి 2019 నిబంధనలున్నాయి. ట్రయల్స్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం సగం మంది బయటివాళ్లుండాలి, ఒక సామాన్యుడూ ఉండాలి. ఆ సామాన్యుడు బెంగళూరు మల్లేశ్వరంలో రిటైరైన పెద్దమనిషే కానక్కర్లేదు, మా వైపు రైతు కూడా కావచ్చు. సమ్మతి పత్రం కన్నడంతోపాటు తెలుగులోనూ ఉండాలి, చదివి వినిపించే మనిషీ ఉండాలి. ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేసేస్తుంది మా పెద్దమ్మ.

ఐఐఎస్‌సీ కేంద్రం కిందిదని తెలుసు. తాలూకా ఆసుపత్రులు మాత్రం మన రాష్ట్రానివే కదా. ఆరోగ్య శాఖ మంత్రి గారితో మాట్లాడి, బాగేపల్లి, కోలారు జిల్లా శ్రీనివాసపుర ఆసుపత్రుల్లో ఆ సంస్థ డాక్టర్లకి ఒక్కో గది ఇప్పించండి. అక్కడే రక్తం, మూత్రం, నీళ్ల శాంపిల్ తీసుకోవచ్చు. ఫలితాలు జర్నల్‌లో అచ్చయ్యే లోపే గ్రామ పంచాయతీకీ పంపాలని ఒప్పందంలో రాయించండి.

ఇట్లు,
బాగేపల్లి తాలూకా ఓటరు, యలహంక నివాసి