పసరు కన్నా ముందు రక్తపరీక్ష

సంపాదకులకు,

కామెర్లు వచ్చాయంటే మన ఊళ్లలో ఇప్పటికీ మొదట వినపడేది ‘ఇంగ్లీషు మందుల్లో దీనికి మందు లేదు, పసరు పోయించండి’ అనే మాటే. తెల్లవారకముందే పరగడుపున వెళ్లి పసరు తాగి రావడం, ఉప్పూ నూనే మానేసి చప్పిడి పథ్యం చేయడం, కొన్నిచోట్ల మణికట్టు మీద వాత పెట్టించుకోవడం ఇంకా సాగుతూనే ఉన్నాయి. చాలామందికి తగ్గుతుంది కూడా. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే వాపు) ‘ఏ’, ‘ఈ’ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకు దక్కుతోంది.

కానీ కళ్లు పచ్చబడటానికి కారణం ప్రతిసారీ అదే కాదు. మా వీధిలో ఒక పెద్దాయనకు ఒళ్లంతా దురద, మూత్రం చిక్కటి పసుపు, విరేచనం మాత్రం సున్నంలా తెల్లగా. కామెర్లు ముదిరాయనుకుని ఇంట్లోవాళ్లు రెండోసారి పసరుకు తీసుకెళ్లారు. చలిజ్వరం వచ్చి మనిషి సోలిపోయాక స్కానింగ్ తీస్తే పిత్తనాళంలో, అంటే కాలేయం నుంచి పేగుకు పైత్యరసం వెళ్లే గొట్టంలో, రాయి! ఎండోస్కోపీతో తీసేశాక కోలుకున్నారు. ఆ తెల్ల విరేచనం చూసిన రోజే స్కానింగ్ తీసి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

నాకు ఎక్కువ దిగులు హెపటైటిస్ బి గురించి. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనపడదు. కడుపులో నీరు చేరాకో, రక్తపు వాంతి అయ్యాకో బయటపడేసరికి కాలేయం గట్టిపడిపోయి ఉంటుంది. ‘చుక్క ముట్టని మనిషికి లివర్ ఎలా పాడైంది?’ అని ఇంట్లోవాళ్లు విస్తుపోతారు. దీనికి మన దేశపు తొలి టీకా 1997లో హైదరాబాద్‌లోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో తయారైంది. విదేశీ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో ధర దించింది అదే. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే ప్రభుత్వం ఉచితంగా వేయిస్తోంది. అంతకుముందు పుట్టిన మా తరంలో చాలామందికి ఆ టీకా లేదు.

2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రకాలకు పరీక్షలు, మందులు ఉచితం. సి రకం చాలామందిలో మూడు నెలల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. బి రకాన్ని, అవసరమైనవారికి రోజూ మాత్ర ఇచ్చి అదుపులో పెట్టవచ్చు. ఇంత సదుపాయం ఉన్నా మా మండలంలో అడిగితే తెలిసినవారు కనపడరు. పీహెచ్‌సీ గోడ మీద ఒక్క బోర్డు కూడా లేదు.

కళ్లు పచ్చబడి వచ్చిన ప్రతి ఒక్కరికీ పీహెచ్‌సీలోనే రక్తం తీసి లివర్ టెస్టుతో పాటు బి, సి పరీక్షలూ చేయించాలి. ఒకరికి బి అని తేలితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేసి, లేనివారికి టీకా వేయాలి. పసరు పోసేవారిని తిట్టి లాభం లేదు. ‘ముందు రక్తపరీక్ష చేయించుకుని రండి’ అని ఆశా కార్యకర్తలు వాళ్లతోనే చెప్పిస్తే జనం వింటారు. గర్భిణికి కామెర్లు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా 108లో జిల్లా ఆసుపత్రికి పంపాలి. నెలలు నిండుతున్నవారికి హెపటైటిస్ ‘ఈ’ రకం ప్రాణాల మీదికి తెస్తుంది.

– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా