ఆమె 'యువకుడు' కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెనడా హిప్ హాప్ (ర్యాప్ పాటలు) మీద వేసిన పేజీని మా అమ్మ తెనాలి నుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. "నువ్వు ఎప్పుడూ చెవిలో పెట్టుకుని తిరిగే పాటల గురించి రాశార్రా" అంది. చాలా సంతోషం వేసింది. నేను టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌కి 2018లో చదువుకని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడి కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా మొదటి పాట నుంచి చివరిదాకా రెండుసార్లు వింటాను. నచ్చిందీ నచ్చనిదీ నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఆ పాటలకు ఒక తెలుగు పేపర్లో పూర్తి పేజీ దొరకడం నాకు చిన్న విషయం కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పేజీలో ముప్పావు వంతు 2024లో కెనడా ర్యాపర్ డ్రేక్‌కీ అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్‌కీ జరిగిన గొడవే. మిగిలిన దాంట్లో ఎవరికి ఎన్ని వ్యూస్ వచ్చాయో వేశారు. కింద బాక్సులో నాలుగైదు పేర్లు ఇచ్చి, మిగతావాళ్లంతా అమెరికా ర్యాప్‌కి కాపీలే అని తేల్చేశారు. ఆ పేర్లలో హవయా మైటీ పక్కన "బ్రాంప్టన్ యువకుడు" అని ఉంది. ర్యాపర్ హవయా మైటీ మహిళ. ఆమె పాట ఒక్క నిమిషం విన్నా ఆ మాట రాయరు.

ఆమె ఆల్బమ్ 'థర్టీన్త్ ఫ్లోర్' 2019లో వచ్చింది. అప్పుడు నేను ఒక గోడౌన్లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. చేతిలో స్కానర్, ముందు బెల్టు మీద ఆగకుండా వచ్చే అట్టపెట్టెలు. ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినపడాలి కాబట్టి ఒక్క చెవికే ఇయర్‌ఫోన్. ఆ ఒక్క చెవితోనే ఆ ఆల్బమ్ వారం రోజులు విన్నాను. ఒక పాటలోనే ఆమె మాటలు పిడుగుల్లా దించుతుంది, వెంటనే గొంతు మార్చి మెత్తగా పాడుతుంది. ఇద్దరు పాడుతున్నారేమో అనుకున్నాను మొదట్లో.

ఒకరోజు తెల్లవారి బస్సు దిగి మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కాను. బటన్లు 11, 12, 14. మధ్యలో 13 లేదు, ఆ అంకె అశుభమని వేయలేదు. రోజూ నొక్కే బటన్లే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ పొద్దున మాత్రం ఆల్బమ్ పేరు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. పదమూడో అంతస్తు ఉంది. అందులో జనం కాపురాలు చేస్తున్నారు, పిల్లలు బూట్లు బయట విడుస్తున్నారు. తలుపు మీద మాత్రం 14 అని వేశారు. ఉన్నదాన్నే లేదనిపించడం. నాకు ఆ ఆల్బమ్ మొత్తం ఈ ఒక్క విషయం గురించే అనిపిస్తుంది. అందులో 'థర్టీన్' అనే పాట బానిసత్వం నాటి చరిత్రను తవ్వుతుంది. దాన్ని పని చేస్తూ వినలేకపోయాను, బ్రేక్‌లో కూర్చుని విన్నాను.

ఆ ఏడాదే ఆ ఆల్బమ్‌కి పొలారిస్ ప్రైజ్ వచ్చింది, కెనడాలో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే బహుమతి అది. ఈ బహుమతికి అమ్మకాల లెక్క చూడరు, పాటల విమర్శకులు ఆల్బమ్‌లు విని తేలుస్తారు. 2006లో మొదలైన ఆ ప్రైజ్ ఒక హిప్ హాప్ ఆల్బమ్‌కి రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత 2020లో బ్యాక్స్‌వాష్‌కి వచ్చింది. జాంబియాలో పుట్టి మాంట్రియల్‌లో స్థిరపడిన ర్యాపర్. 2021లో కేడెన్స్ వెపన్‌కి వచ్చింది. ఆయన 2009 నుంచి 2011 దాకా ఎడ్మంటన్ నగరానికి ఆస్థానకవి. ఒక ర్యాపర్ నగరానికి ఆస్థానకవి అయ్యాడంటే మన పాఠకులు ఎంత ఆసక్తిగా చదువుతారు! మీ పేజీలో అతని పేరే లేదు.

కెనడా సంగీతానికి ఇచ్చే జూనో అవార్డుల్లో ర్యాప్ విభాగం 1991లో మొదలైంది. తొలి ఏడాది మాయెస్ట్రో ఫ్రెష్ వెస్ అందుకున్నాడు. మిషీ మీ లాంటి ఆడవాళ్లు అంతకు ముందు నుంచే ర్యాప్ చేస్తున్నారు. అయినా ర్యాప్ ఆల్బమ్‌కి ఒక మహిళ ఆ అవార్డు గెలవడానికి 2022 దాకా పట్టింది. గెలిచింది హవయా మైటీయే, 'స్టాక్ ఎక్స్ఛేంజ్' ఆల్బమ్‌కి. ఆమెను యువకుడు అంటే నాకు అంత కష్టంగా ఎందుకు అనిపించిందో మీకు అర్థమై ఉంటుంది.

ఇక కాపీల సంగతి. టొరంటోలో నల్లవాళ్ల సంగీతానికి ఒక ఎఫ్ఎమ్ స్టేషన్ కావాలని అడిగితే 1990లో లైసెన్స్ ఇవ్వలేదు, దాన్ని కంట్రీ అనే పల్లె బాణీ పాటల స్టేషన్‌కి ఇచ్చారు. చివరికి ఆ సంగీతం కోసం ఫ్లో 93.5 అనే స్టేషన్ మొదలయ్యేసరికి 2001 వచ్చేసింది. ఈ మధ్యలోనే, 1998లో, వాంకూవర్‌కి చెందిన రాస్కల్జ్ అనే ర్యాప్ గుంపు జూనో గెలిచి కూడా వద్దన్నారు. ర్యాప్ అవార్డును టీవీలో చూపించకుండా ముందే ఇచ్చేసినందుకు వాళ్ల నిరసన అది. మరుసటి ఏడాది నుంచి దాన్ని టీవీలో ఇచ్చారు. రేడియో లేక, టీవీ లేక పెరిగిన సంగీతం ఇది. మాట తీరూ వేరు. నాతో పనిచేసిన, టొరంటోలోని స్కార్‌బరో కుర్రాడు మన కుర్రాళ్లు అనడానికి "మ్యాన్‌డెమ్" అనేవాడు, పక్కనే ఉన్న సోమాలీ కుర్రాడు ప్రతి మాటకీ "వల్లాహి" అని ఒట్టేసేవాడు. జమైకా మాటా సోమాలీల మాటా కలిసిన ఆ భాష టొరంటోది. ఆ పాటల్లో వినపడేది అదే.

పంజాబీ పాటల్ని మీరు "ఇండియన్" అని పక్కన పెట్టారు. అదీ సరికాదు. కెనడాకి వలస వచ్చిన పంజాబీ గాయకుడు కరణ్ ఔజ్లా 2024లో అభిమానుల ఓట్లతో ఇచ్చే జూనో గెలిచాడు.

బ్రిటిష్ కొలంబియాలో కిటమాట్ అనే ఊరుంది, హైస్లా అనే మూలవాసుల ఊరు. స్నాటీ నోజ్ రెజ్ కిడ్స్ అనే ఇద్దరు ర్యాపర్లు అక్కడివాళ్లే. వాళ్ల 2019 ఆల్బమ్ పేరు 'ట్రాప్‌లైన్'. జంతువులకు వేటగాళ్లు ఉచ్చులు వేసుకుంటూ పోయే దారి అది, ట్రాప్ అనేది ఈ సంగీతంలో ఒక బాణీ కూడా. ఒక్క మాటలో తాతల బతుకూ మనవల పాటా పట్టేశారు. నా నోట్‌బుక్కులో దానికి మూడు పేజీలు పోయాయి. వాళ్ల తర్వాతి ఆల్బమ్‌ల మీద అంత రాయలేదు, కొన్ని పాటలు ఒకేలా అనిపించాయి. అయినా కొత్తది వస్తే మొదట వినేది వాళ్లనే.

మాంట్రియల్‌లో డెడ్ ఓబీస్ అనే గుంపు కథ మనవాళ్లకు తప్పక చెప్పాలి. ఫ్రెంచ్, ఇంగ్లిష్ కలిపి ర్యాప్ చేస్తారు. 2016 నాటి వాళ్ల ఆల్బమ్‌లో ఫ్రెంచ్ 70 శాతం లేదని, దాదాపు 55 శాతమే ఉందని సంగీతానికి డబ్బు సాయం చేసే నిధివాళ్లు 18 వేల డాలర్ల సాయం వెనక్కి తీసుకున్నారు. నేను తెలుగు బతకాలని కోరుకునేవాణ్ణే. ఫ్రెంచ్ కోసం అక్కడివాళ్లు పడే తపన నాకు అర్థమవుతుంది. కానీ నేను అమ్మతో మాట్లాడేటప్పుడు షిఫ్ట్, రెంట్, లేట్ అయింది అనే అంటాను. ఆ మాటల్ని ఎవరైనా శాతాల్లో తూచి అది తెలుగు కాదంటే ఒప్పుకోను. వాళ్ల పాటలు వింటుంటే మా ఇంట్లో మాటలే విన్నట్టుంటుంది.

కొత్త ఆల్బమ్‌ల మీద మళ్లీ రాయించినప్పుడు, దయచేసి వాటిని పూర్తిగా విన్నవాళ్లతో రాయించండి. ఏ ఊరివాళ్లో, ఏం చెబుతున్నారో రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పించండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయమనండి, వినే నచ్చలేదనాలి.

ఈ ఉత్తరానికి చోటు లేకపోయినా పర్లేదు. "బ్రాంప్టన్ యువకుడు" అన్నదానికి మాత్రం సవరణ వేయండి. మా అమ్మ ఆ పేజీని మడిచి బీరువాలో పెట్టింది. సవరణ వచ్చిన రోజు అది కూడా కత్తిరించి దాని పక్కన పెడతానంది.

ఇట్లు,
తెనాలి పాఠకుడు, ప్రస్తుతం బ్రాంప్టన్, కెనడా