తేళ్ళున్న ఇంట్లో పసివాడితో

బెంగళూరు,
మే నెల.

చి. ల. సౌ. అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికి కూడా నా ఆశీస్సులు చెప్పు.

నిన్న రాత్రి ఫోనులో, ఇంట్లో తేలు కనిపించిందని నువ్వు గుక్క తిప్పుకోకుండా మాట్లాడావు. పక్కన బుజ్జిగాడు ఏడుస్తున్నాడు. అన్నిటికీ అప్పటికప్పుడు జవాబు చెప్పడం కుదరలేదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి, కొన్ని పనులు అల్లుడుగారి చేతి మీదుగా జరగాల్సినవి.

ముందుగా మందు సంగతి. అనంతపురం జిల్లాలో నర్సుగా పని చేసినన్నాళ్ళూ తేలు కుట్టిన పిల్లలకు మేము ఇచ్చిన మాత్రలు పంపమన్నావు. పంపను. ఆ మాత్ర ప్రజోసిన్. అసలు అది రక్తపోటు మందు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో వైద్యం చేసే డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో దాన్ని తేలు కాటుకు వాడి చూపించారు. అంతకుముందు కళ్ళ ముందే పోయే పిల్లలు ఆ తరువాత బతికి ఇళ్ళకు వెళ్ళారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను. కానీ ఆ మందు మన ఎర్ర తేలుకు. దాని విషం గుండె మీద, రక్తనాళాల మీద పడుతుంది. ఒళ్ళంతా చెమట, చేతులు మంచులా చల్లబడటం, వాంతులు, నాడి పరుగు, ఆఖరుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి నోట నురగ.

అమెరికాలో, అరిజోనా ఎడారిలో మీ ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే తేలు వేరు. బార్క్ స్కార్పియన్ అంటారు, చెట్టు బెరడు పట్టుకుని ఉంటుంది కాబట్టి. రెండు మూడు అంగుళాలకు మించదు, ఎండుగడ్డి రంగు, సన్నని తోక, ముందరి పట్టకార్లు కూడా సన్ననివే. దాని విషం నరాల మీద పని చేస్తుంది. అందుకే లక్షణాలూ వేరు, మందూ వేరు. ఇక్కడి మాత్ర అక్కడ వేస్తే పిల్లవాడి రక్తపోటు పడిపోతుంది తప్ప తేలు విషానికి ఏమీ కాదు. మన వాళ్ళు ఎవరైనా సూట్‌కేసులో పెట్టి తెచ్చినా వాడొద్దు.

ఇప్పుడు నేను రాసేది రెండుసార్లు చదువు. పెద్దవాళ్ళను కుడితే విపరీతమైన మంట, తిమ్మిరి. ఆ తిమ్మిరి ఒక్కోసారి కొన్ని రోజులు ఉంటుంది. ఎక్కువ మందికి అంతటితో తగ్గిపోతుంది. మన ఊళ్ళో చింతగింజ అరగదీసి అంటించిన వాడికీ, మంత్రం వేసిన వాడికీ పేరు వచ్చింది ఇందువల్లే. దానంతటదే తగ్గేదాన్ని తామే తగ్గించామన్నారు. పసిపిల్లల సంగతి అలా కాదు. అయిదారేళ్ళలోపు వాళ్ళకే ఎక్కువ ప్రమాదం. బుజ్జిగాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు, తేలు కుట్టిందని చెప్పలేడు. కుట్టిన చోట వాపు గానీ ఎరుపు గానీ సాధారణంగా ఉండదు, కాబట్టి ఒళ్ళంతా వెతికినా నీకు మచ్చ దొరక్కపోవచ్చు. అకారణంగా కెవ్వున ఏడుపు అందుకుని ఆపకపోతే, ఒక చెయ్యో కాలో ముట్టనివ్వకపోతే, ముందు తేలునే అనుమానించు. తరువాత వాడి కళ్ళలోకి చూడు. కనుగుడ్లు ఒక చోట నిలవకుండా ఇటూ అటూ తిరుగుతుంటే, నాలుక అదురుతుంటే, చొంగ ఆగకుండా కారుతుంటే, కాళ్ళూ చేతులూ తన అదుపులో లేకుండా కొట్టుకుంటుంటే అది విషమే. ఫిట్స్ అనుకుంటారు చాలామంది. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌లో పిల్లవాడికి స్పృహ ఉండదు. ఇందులో స్పృహ ఉంటుంది, నిన్ను చూస్తూనే ఉంటాడు, తన ఒళ్ళు తన మాట వినదు.

అలాంటప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా 911కు ఫోను చెయ్యి. ఆ లక్షణాలు లేకుండా ఒట్టి అనుమానమే అయితే 1-800-222-1222. అది అమెరికా అంతటికీ ఉన్న విష సహాయ కేంద్రం, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు తీసుకోరు. ఆ అంకెలు ఫ్రిజ్ తలుపు మీద పెద్దగా రాసి అంటించు. బుజ్జిగాడిని చూసుకునే ఆవిడ ఫోనులోనూ ఎక్కించు. వాళ్ళు చెప్పేదాకా నువ్వు చేయాల్సింది తక్కువే: సబ్బుతో కడిగి, చల్లని తడిబట్ట వేయి. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. నిద్రమందు పట్టొద్దు, అది ఊపిరిని ఇంకా నెమ్మదింపజేస్తుంది. చొంగ కారుతున్న పిల్లవాడికి నోట్లో నీళ్ళు కూడా పోయొద్దు.

ఆసుపత్రిలో ఇచ్చే మందు పేరు అనాస్కార్ప్. తేలు విషాన్ని గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసే విరుగుడు. మెక్సికోలో తయారవుతుంది. 2009లో అరిజోనా విశ్వవిద్యాలయం వైద్యులు తీవ్రంగా జబ్బు చేసిన పిల్లల మీద దాన్ని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. విరుగుడు పొందిన పిల్లలందరికీ 4 గంటల్లోపే లక్షణాలు పోయాయి. 2011లో అమెరికా ప్రభుత్వ ఆమోదం వచ్చింది. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో అది నిలవ ఉంటుందో ఈ వారమే కనుక్కో. అర్ధరాత్రి పిల్లవాడిని ఎత్తుకుని ఏ వైపు పరిగెత్తాలో ముందే తెలిసి ఉండాలి. ఇంత మంచి విరుగుడు మా ఆసుపత్రి పడకల మీద చల్లబడిన ఎంతమంది పిల్లలకు అందలేదో నాకు తెలుసు, నీకు అది ఊళ్ళోనే దొరుకుతుంది. అందుకే ఇల్లు అమ్మేద్దామా అన్న నీ మాటకు నేను ఒప్పుకోను.

ఇక ఇంటి సంగతి. నెలనెలా ఒకతను వచ్చి మందు కొట్టి వెళ్తున్నాడని, అయినా స్నానాల తొట్టిలో తేలు కనిపించిందని అన్నావు. తేలు మీద ఆ మందులు అంతంతమాత్రంగానే పని చేస్తాయి. నాలుగు జతల కాళ్ళ మీద పొట్ట పైకెత్తి నడుస్తుంది, మందు దాని ఒంటికి అంటేది కొంచెం. బతికి ఉన్న పురుగును పట్టి తింటుంది కాబట్టి ఎర కలిపిన విషం ముట్టదు. మందు వల్ల మేలు ఉంటే అది బొద్దింకలు, కీచురాళ్ళు తగ్గడం. తేలు తిండి అవే. పెరటి దీపం రాత్రంతా వెలిగితే దాని చుట్టూ పురుగులు, పురుగుల కోసం తేళ్ళు. ఆ దీపం ఆపు, లేదా పసుపు రంగు బల్బు పెట్టు. కుళాయి కింద కారే చుక్కను బాగు చేయించు, ఎడారిలో తడి ఉన్న చోటికే ప్రతి పురుగూ వస్తుంది.

తొట్టిలో కనిపించిన తేలు కాలువ గొట్టంలోంచి పైకి రాలేదు. నీళ్ళ కోసం వచ్చి పడి, నున్నటి తొట్టి గోడ ఎక్కలేక అక్కడే ఉండిపోయింది. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకో. మీ తేలు గరుకు గోడ ఎక్కుతుంది, పైకప్పుకు తలకిందులుగా వేలాడుతుంది, కానీ శుభ్రమైన గాజును ఎక్కలేదు. ఈ రాత్రే బుజ్జిగాడి ఊయల మంచం నాలుగు కోళ్ళనూ నాలుగు గాజు సీసాల్లో దించు. మంచాన్ని గోడకు జానెడు దూరం జరుపు. దుప్పటి, దోమతెర అంచులు నేలను తాకకుండా మడిచి పెట్టు, తెరలు ఏవీ మంచానికి తగలకూడదు. సీసాల మీద దుమ్ము చేరితే తేలుకు పట్టు దొరుకుతుంది, వారం వారం తుడువు.

ఆ తరువాత సందులు. బ్యాంకు కార్డు దూరేంత సందు చాలు ఆ తేలుకు. సాయంత్రం ఇంట్లో దీపాలు ఆర్పి నేల మీద పడుకుని తలుపుల అడుగున చూడు, బయటి వెలుతురు గీతలా కనిపిస్తే అక్కడ రబ్బరు పట్టీ వేయించాలి. గ్యారేజీ తలుపు మూలలు మరీ చూడు. సింకు కింద గొట్టాలు గోడలోకి వెళ్ళే చోట చుట్టూ ఖాళీ వదిలేస్తారు, అక్కడ సిలికాన్ పూయించండి. స్నానాల గది ఫ్యాను చుట్టూ, పైకప్పులో బిగించిన దీపాల చుట్టూ కూడా, అటక మీదున్న తేళ్ళు దిగేది వాటి పక్కనుంచే. బయటి గోడ అడుగున నీరు, ఆవిరి పోవడానికి కట్టినవాళ్ళు వదిలిన సందును మాత్రం సిమెంటుతో మూయించొద్దు, గోడ లోపల తడి నిలిచిపోతుంది. అక్కడ సన్నటి లోహపు జాలీ కుక్కిస్తే నీరు పోతుంది, తేలు రాదు. ముందు పిల్లవాడి గది పూర్తి చేసి తరువాత మిగతావి.

అల్లుడుగారికి ఇంకో పని. తేలు పెంకు అతినీలలోహిత కిరణాల కింద మెరుస్తుంది. తమ్ముడు ఎస్.పి. రోడ్డులో అలాంటి టార్చి ఒకటి కొన్నాడు, ముందు అయిదు వందల నోటు మీద వేసి చూశాం, అంకెలు ధగధగమన్నాయి. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు దాన్ని పట్టుకుని పశువుల కొట్టం వెనక రాతిగోడ దగ్గరికి వెళ్ళాను. అరవై ఏళ్ళుగా చూస్తున్న గోడ అది. రాళ్ళ సందులో లేత ఆకుపచ్చగా ఒక తేలు, కొండి ముడితో సహా, కాళ్ళ కణుపులు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించింది. టార్చి ఆపాను, అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. మళ్ళీ వేశాను, ఉంది. వీపు మీద చిన్న చిన్న తెల్లటి పిల్లలు గుట్టగా ఉన్నాయి, అవి మెరవడం లేదు. మొదటి కుబుసం విడిచేదాకా తల్లి వీపు దిగవు.

మీ దగ్గర రాత్రులు వేడెక్కాయి కాబట్టి ఇప్పుడే వెతకండి. పొద్దుగుంకాక రెండు మూడు గంటలు ఆగి, మూసిన బూట్లు వేసుకుని, పెరటి గోడ, తాటిచెట్టు మొదలు, పూలకుండీల కింది భాగం, కట్టెల కుప్ప చూడమను. కుండీని అంచు కింద చేయి పెట్టి ఎత్తొద్దు, ఆ తేలు అడుగున తలకిందులుగా అతుక్కుని ఉంటుంది. వంటింటి పొడవాటి పట్టకారుతో పట్టి మూత ఉన్న గాజు సీసాలో వేయండి. ఎక్కడ ఎక్కువ దొరికాయో రాసి పెట్టుకుంటే, ఇంట్లోకి ఏ వైపు నుంచి వస్తున్నాయో తేలిపోతుంది. చలికాలంలో ఒకే సందులో గుంపుగా చేరతాయి, అప్పుడు కనిపించడం లేదని ఈ పనులు వదిలేయకండి.

మీ అత్తగారు గడప చుట్టూ కిరోసిను చల్లమన్నారట. ఆవిడకు నేను ఫోను చేసి చెబుతాను, నువ్వు మాట పడొద్దు. పాకే పిల్లవాడున్న ఇంట్లో కిరోసిను తేలుకంటే ప్రమాదం. కోడుమూరు కొండలరాయుడికి శ్రావణ సోమవారం తేళ్ళు సమర్పించేవాళ్ళు వాటిని అరచేతిలో పెట్టుకుంటారు, కుట్టవని ఆవిడ నీకు గుర్తు చేశారని కూడా చెప్పావు. ఆ భక్తిని నేను కాదనను. మన వైపు తేలు ఏదైనా నొక్కుకుపోతేనే కుడుతుంది, మీ తేలూ అంతే. అందుకే ప్రమాదమంతా చెప్పుల్లో, నేల మీద పడేసిన తడి తువ్వాలులో, ముడిచిన బట్టల్లో ఉంటుంది. ఒళ్ళు తగలకముందే దులపడం నీకూ, అల్లుడుగారికీ అలవాటు కావాలి. బుజ్జిగాడి బూట్లు నేల మీద కాకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు.

ఈ వారాంతంలోగా ఊయల మంచం కింద సీసాలు పెట్టి, ఫ్రిజ్ మీద నంబరు అంటించి ఫొటోలు పంపు. టార్చితో గోడ చూసిన రాత్రి ఎంత ఆలస్యమైనా నాకు ఫోను చెయ్యి, మనకు అప్పటికి తెల్లవారి ఉంటుంది.

ప్రేమతో,
అమ్మ