ఆ చేతిని ఎవరినీ గుంజనివ్వకు

చి. సౌ. సుధకు,
నాన్న ఆశీస్సులు.

జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోవట్లేదని, కుడిపక్కకి ఒత్తిగిలితే చాలు నొప్పికి మెలకువ వచ్చేస్తోందని అన్నావు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ఇంకో దిగులు. నీది ఫ్రోజెన్ షోల్డర్‌లా ఉంది, అంటే భుజం బిగుసుకుపోయే జబ్బు. అందులో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది తల్లీ. ఎముకకి ఏమీ కాలేదు. కీలు చుట్టూ ఉండే పల్చటి సంచి వాచి, దళసరెక్కి, బిగుసుకుంటోంది.

ఒకసారి ఇలా చూడు. మోచేతిని నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పు. తర్వాత అల్లుడుగారిని పట్టుకుని నెమ్మదిగా తిప్పమను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోతే ఇదేనని గట్టి అనుమానం. నువ్వు తిప్పలేనిది ఆయన తిప్పగలిగితే మాత్రం సంగతి వేరు, డాక్టరుగారికి ఆ మాటే చెప్పు.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆపైన సడలింపు. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. రాత్రిళ్లు ఇంత నొప్పి ఉందంటే నువ్వింకా మొదటి దశలోనే ఉన్నావు. ఈ దశలో చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజి సరిచేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకు. ఇన్నేళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన వాడిగా నిన్ను బతిమాలి అడుగుతున్నాను. నెదర్లాండ్స్‌లో 77 మంది మీద చేసిన పరిశీలన 2004లో అచ్చయింది. కొందరికి నొప్పిని లెక్కచెయ్యకుండా గట్టిగా సాగదీశారు, మిగతావాళ్ల చేత నొప్పి పెట్టనంత వరకే కదలికలు చేయించారు. రెండేళ్లకి భుజం దాదాపు మామూలైనవాళ్లు మెల్లగా చేసినవాళ్లలో 89 శాతం, సాగదీయించుకున్నవాళ్లలో 63 శాతం. చిన్న పరిశీలనే, కానీ నా టేబుల్ మీద నేను చూసిందీ అదే.

అలాగని చేత్తో చేసే వైద్యం వద్దనడం లేదు. మంచి ఫిజియో నిన్ను వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని కాస్త ఎడంగా ఎత్తిపట్టి, భుజం కీలులో ఉండే ఎముక గుండుని మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో కొద్దికొద్దిగా కిందికి, బల్లవైపు నొక్కి వదులుతాడు. పైకి చూస్తే కదిలినట్టే ఉండదు. ఆస్ట్రేలియా ఫిజియో మెయిట్‌లాండ్ ఈ నొక్కుడుని నాలుగు గ్రేడులు చేశాడు. మొదటి రెండూ నొప్పి తగ్గించడానికి, అవి బిగుతు దాకా వెళ్లవు. మూడు, నాలుగు ఆ బిగుతుని సడలించడానికి. ఇప్పుడు నీకు మొదటి రెండే చాలు. చేయించుకున్నాక నొప్పి పెరిగి తెల్లారినా తగ్గలేదంటే మోతాదు ఎక్కువైందన్నమాట. మొహమాటపడకుండా చెప్పెయ్యి.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే నీకు భయమని తెలుసు. మొదటి దశలో అది నొప్పిని బాగా దించుతుంది, దాంతో వ్యాయామం చెయ్యగలుగుతావు. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి. మత్తిచ్చి చెయ్యి తిప్పడం, చిన్న రంధ్రాల్లోంచి సంచిని కోసి వదులు చెయ్యడం లాంటివి తర్వాతి మాట. బ్రిటన్‌లో 503 మంది మీద ఈ రెండింటినీ, ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీనీ పోల్చి 2020లో ఫలితాలు వేశారు. ఏడాది తర్వాత వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఆపరేషన్‌కి తొందరపడకు.

మీ పిన్ని నిన్ను పుత్తూరు కట్టు కట్టించడానికి తీసుకెళ్లమంటోంది. ఆ కట్టు విరిగిన ఎముకకి. నీకు కావాల్సింది కదలిక. కట్టి కదలకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది.

ఇంట్లో వేడి కాపడం పెట్టుకుని, బల్లని ఎడమచేత్తో పట్టుకుని ముందుకి వంగి, కుడిచేతిని గడియారం లోలకంలా వేలాడదీసి ఊపు. రోజుకి నాలుగైదుసార్లు, కొద్దిసేపే. బట్టలు ఆరెయ్యడం, పైఅరలో డబ్బాలు దించడం అల్లుడుగారికి అప్పజెప్పు. అమ్మకి ఇదే వచ్చినప్పుడు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆవకాయ జాడీ అటక మీద నుంచి తనే దించుతోంది. నీకూ తగ్గుతుంది, ధైర్యంగా ఉండు.

ఇంకొక్కటి. షుగర్ లేనివాళ్లలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి వచ్చే ఈ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లలో పది, ఇరవై మందికి వస్తుంది. అమ్మకి షుగర్, నీకు నలభై ఆరు నిండాయి. ఈ వారంలోనే పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), థైరాయిడ్ చేయించి, రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఇంజెక్షన్ సంగతి డాక్టరుగారితో మాట్లాడేముందు ఆ అంకెలు ఒకసారి నేను చూడాలి.

ప్రేమతో,
నాన్న