వేసవి తిరుగుళ్ళలో పిల్లల మధ్యాహ్నం నిద్ర

ప్లే క్లాసు, నర్సరీ తల్లిదండ్రులకు నమస్కారం.

ఇంకొన్ని రోజుల్లో వేసవి సెలవులు. పెళ్ళి ముహూర్తాలు, మే నెలలో గంగమ్మ జాతర, ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే కొండ ప్రయాణం. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకి సెలవుల్లో ఇంటిపట్టున ఉండడం కుదిరే పని కాదు. ఫీజులు, పుస్తకాల వివరాలు వెనక పేజీలో ఇచ్చాం. ఈ ఉత్తరం మాత్రం బయట తిరిగే రోజుల్లో పిల్లల మధ్యాహ్నం నిద్ర గురించి.

శని, ఆదివారాలు ఊరెళ్ళొచ్చిన పిల్లల్ని సోమవారం మా టీచర్లు, ఆయాలు చూడగానే పోల్చుకుంటారు. ప్రార్థన వేళకే చిరాకు. తన బొమ్మను ఇంకొకరు ముట్టుకుంటే ఏడుపు. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకునే తూగుతుంటారు. "వీడికి మొండితనం ఎక్కువైపోయింది మేడమ్" అని తల్లులు నా దగ్గర బాధపడతారు. కూర్చోబెట్టి అడిగితే, రెండు రోజులుగా మధ్యాహ్నం కంటిమీద కునుకు లేదని తేలుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పగటి నిద్ర కూడా ఈ లెక్కలోదే. మన ఇళ్ళల్లో రాత్రి పదింటికి పడుకుని ఆరున్నరకు లేచే పిల్లలే ఎక్కువ. అంటే ఎనిమిదిన్నర గంటలు. మిగిలింది ఎక్కడి నుంచి రావాలి? మధ్యాహ్నం నుంచే. మామూలుగా ఏడాదిన్నర దగ్గర రెండు పూటల కునుకు ఒక పూటకు వస్తుంది. ఆ ఒక్క పూట నిద్ర కూడా మూడు నుంచి ఐదేళ్ళ మధ్య దానంతటదే మానుకుంటారు. అందాకా మనంగా మాన్పించకూడదు.

"పగలు పడుకోబెడితే రాత్రి జాగారమే" అని ఇంట్లో అవ్వలు అంటారు. సాయంత్రం ఐదింటిదాకా పడుకుంటే వాళ్ళు చెప్పినట్టే జరుగుతుంది. అందుకే నాలుగు దాటకుండా లేపమంటాను. కానీ పగలు అసలు పడుకోనివ్వకపోతే రాత్రి తొందరగా పడుకుంటారనుకోవడం పొరపాటు. అలసట హద్దు దాటిన పిల్లలకి నిద్ర పట్టడమే కష్టం, పట్టినా మధ్యలో ఉలిక్కిపడి లేస్తారు.

బయటున్నప్పుడు అన్నిటికన్నా ముఖ్యం ఆ వేళను కనిపెట్టడం. ఆవలింత దాకా ఆగొద్దు. ఆడుతున్న పిల్ల చేతిలోది వదిలేసి ఎటో చూస్తూ ఉండిపోతుంది. చెవి లాక్కుంటుంది. మీ భుజానికి ముక్కు రుద్దుతుంది. అప్పుడు మీ దగ్గరున్నది పది పదిహేను నిమిషాలు. అది దాటితే కొందరు పిల్లలు ఒక్కసారిగా రెచ్చిపోయి కల్యాణ మండపమంతా పరుగులు పెడతారు. "ఎంత హుషారుగా ఉన్నాడో చూడండి" అని చుట్టాలు మురిసిపోతారు. నిజానికి ఆ పిల్లాడు బాగా అలిసిపోయి ఉంటాడు. ఇంకో అరగంటలో ఎవరు ఎత్తుకున్నా ఊరుకోడు.

మన ప్లే క్లాసులో ఒక బాబుకు సంచిలో పాత నూలు చీర ముక్క పెట్టి పంపుతారు. చాప మీద పడుకోబెట్టగానే వాడి చెయ్యి ఆ గుడ్డ అంచును వెతుక్కుంటుంది. కుట్టు దొరికేదాకా వేళ్ళు తడుముతూనే ఉంటాయి. దొరికిందంటే చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య దాన్ని మెల్లగా నలుపుతూ కళ్ళు మూసేస్తాడు. పక్కన ఇంకో పిల్ల ఏడుస్తున్నా వాడికి పట్టదు. ప్రయాణంలో మనం వెంట తీసుకెళ్ళాల్సింది ఇదే. మంచం, ఫ్యాను, చీకటి గది వెంట రావు. ఆ గుడ్డ, రోజూ పాడే ఆ జోలపాట, జోకొట్టే చెయ్యి వస్తాయి. ఇంట్లో ఏ వరసలో చేస్తారో అక్కడా అదే వరస: ఒంటికి పోయించడం, రెండు గుక్కల నీళ్ళు, గుడ్డ, పాట. ఐదు నిమిషాల పని. ఇందులోకి ఫోను మాత్రం రానివ్వకండి. కళ్ళ ముందు ఆ వెలుగు, బొమ్మలు కదులుతుంటే వచ్చే నిద్ర కూడా పోతుంది.

కొండ ప్రయాణం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వీలైతే ఎక్కే సమయం పిల్లల నిద్రవేళకు కలిసేలా చూసుకోండి. ఎక్కే ఘాట్ రోడ్డు కంటే దిగే దారిలో మలుపులు చాలా ఎక్కువ. ఆ దారిలో కడుపు నిండా పాలు తాగించి పడుకోబెడితే వాంతి చేసుకునే పిల్లలున్నారు. దారిలో చెవులు దిబ్బడేసి ఏడుస్తుంటే గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగించండి. క్యూ కాంప్లెక్సులో ఎంతసేపు కూర్చోవాలో ఎవరూ చెప్పలేరు. పలుచని దుప్పటి ఒకటి సంచిలో పైనే ఉంచుకోండి, కంపార్ట్‌మెంటులో గోడవైపు జాగా చూసుకుని పరవండి. ఇంట్లో ఏడాదిలోపు బిడ్డ కూడా ఉంటే సుపథం దారిన దర్శనం ఉంది. వేళలు, కావాల్సిన కాగితాలు ముందే కనుక్కుని బయల్దేరండి.

పుట్టువెంట్రుకలు తీయించేవాళ్ళకు ఒక మనవి. కల్యాణకట్టకు నిద్ర లేచాకే తీసుకెళ్ళండి. నిద్రకు ఆగలేక మారాం చేస్తున్న పిల్ల తల అటూ ఇటూ విదిలిస్తుంది. చేతిలో కత్తి ఉన్న మనిషికి టెన్షన్, పట్టుకున్న మేనమామకు టెన్షన్, బిడ్డకు భయం. గంట ఆలస్యమైతే మొక్కుకు లోటేమీ రాదు.

పెళ్ళిళ్ళలో వెళ్ళగానే ఒక గది అడిగి పెట్టుకోండి, మేళాలకు దూరంగా ఉన్నది. చీరతో ఉయ్యాల కడితే గట్టి దూలానికి, నేలకు దగ్గరగా కట్టండి, పక్కన పెద్దవాళ్ళొకరు కదలకుండా ఉండాలి. రెండేళ్ళ పిల్లలు లేవగానే దిగడానికి చూస్తారు. చిన్నత్త చూడాలందనో, ఫోటో తీయాలనో నిద్రలో ఉన్న బిడ్డను లేపకండి. చెప్పడానికి మీకు మొహమాటమైతే "స్కూల్లో మేడమ్ వద్దన్నారు" అని నా పేరు చెప్పండి.

ఇక నాకు నిజంగా భయం వేసే మూడు సంగతులు. మొదటిది బండి. స్కూటరు ముందు నిలబెట్టిన పిల్ల అక్కడే నిద్రపోయి, మెడ హ్యాండిల్ మీదికి వాలిపోవడం మన రోడ్ల మీద రోజూ చూస్తున్నాం. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ళకు కట్టి ఉండే బెల్టు, పిల్లలకు హెల్మెట్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్రం 2022 ఫిబ్రవరిలోనే నిబంధన తెచ్చింది. నిద్ర వేళైతే ఆటో మాట్లాడుకోండి. దారిలో తూగు మొదలైతే బండి పక్కన ఆపండి.

రెండోది కారు. పడుకున్నాడు కదా, రెండు నిమిషాల్లో వచ్చేస్తాం అని కార్లో వదిలి వెళ్ళడం. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. మన ఏప్రిల్, మే ఎండల సంగతి మీకు తెలుసు. అద్దం కొంచెం దించినా లాభం ఉండదు. లేపి ఎత్తుకునే వెళ్ళండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

మూడోది మందు. రాత్రి బస్సులో గొడవ చేయకుండా పడుకుంటారని జలుబు సిరప్ పోసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. జలుబు సిరప్‌లలో ఎక్కువగా వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీసా మీదే ముద్రించమంది. నిద్ర కోసం ఏ మందూ వద్దు.

ఇంత చూసుకున్నా ఒక్కోరోజు నిద్ర తప్పిపోతుంది. దానికి బెంగ పడకండి. ఆ సాయంత్రం ఆటోలో పావుగంట కునుకు తీసి ఇంటికొచ్చేసరికి మళ్ళీ తాజాగా లేచి కూర్చుంటారు, అదే చిక్కు. దారిలో కబుర్లు చెబుతూ మేలుకునేలా చూడండి. ఇంటికి రాగానే స్నానం, పెరుగన్నం, రోజూకన్నా ముప్పావుగంట ముందే పక్క. మర్నాడు మాత్రం ఇంకో ప్రయాణం పెట్టుకోకండి. ఒకరోజు తిరుగుడు పిల్లలు తట్టుకుంటారు, వరసగా రెండో రోజు కూడా అయితే తట్టుకోలేరు.

బడి తెరిచేందుకు వారం ముందు నుంచి పన్నెండున్నరకల్లా అన్నం పెట్టి, ఒంటిగంటకు పడుకోబెట్టండి. బడిలో మన వేళ అదే. సెలవుల్లో మీ పిల్లలు ఏ గుడ్డకు, ఏ పాటకు అలవాటు పడ్డారో డైరీ మొదటి పేజీలో రాసి పంపండి. గుడ్డ మీద పేరు కుట్టించడం మరిచిపోకండి. పోయినేడు చాలా గుడ్డలు తారుమారయ్యాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి