2024–25 వార్షిక నివేదిక: అంగన్‌వాడీ పిల్లల చదువులో పద్యం, పాట, బొమ్మలాట

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడచిన సంవత్సరం మన సంఘం అనంతపురంలోని అంగన్‌వాడీ కేంద్రాలలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం చేపట్టిన కార్యక్రమాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. ఏటా జరిపే పద్యపఠన పోటీని ఈసారి నిర్వహించలేదు. దీనిపై కొందరు పెద్దలు అభ్యంతరం తెలిపినందున ముందుగా కారణాన్ని వివరించడం సముచితం.

ఇంట్లో కూర్చోబెట్టి వల్లె వేయించే తీరిక ఉన్నవారి పిల్లలకే పోటీలో బహుమతులు దక్కుతూ వచ్చాయి. తక్కినవారు ప్రేక్షకులుగా మిగిలిపోయారు. నాలుగేళ్ల వయసులో పద్యం చేసే మేలంతా అది చెవిన పడడంలోనే ఉంది. కందపద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరంగా ఒకే హల్లు వస్తుంది. ఆ చోట చప్పట్లు చరుస్తూ పాడించినప్పుడు, మాట అనేది చిన్న చిన్న ధ్వనుల కూర్పు అన్న ఎరుక పలక పట్టకముందే పిల్లలకు కలుగుతుంది, రేపు అక్షరాలు నేర్చేటప్పుడు అక్కరకు వచ్చేది ఆ ఎరుకే. వేమన పద్యాలతో మరో సౌలభ్యం ఉంది. ఆటవెలది చిన్నది, పైగా చివరి పాదం దాదాపు ప్రతి పద్యంలోనూ ఒకటే కావడంతో, మొదటి మూడు పాదాలూ రాని పిల్లలు సైతం మకుటం దగ్గర గొంతు కలుపుతారు. కటారుపల్లిలో వేమన సమాధి ఉన్న సీమ మనది. ఆ పద్యాలు మన పిల్లలకు నీతిపాఠం కన్నా ముందు ఆటగా పరిచయం కావాలని కార్యవర్గం అభిప్రాయం. అర్థం తర్వాత చెప్పుకోవచ్చు.

ఇది మన సొంత వింత ఆలోచన కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించగా, ఆ దశ కోసం 2022లో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం ఆట, పాట, కథల ద్వారా, వీలైనంతవరకు ఇంటి భాషలో బోధన సాగాలని సూచించింది. అయినా ఇంగ్లీషు రైమ్స్ ఎప్పుడు నేర్పుతారని తల్లిదండ్రులు అడగని సమావేశం లేదు. ఇంగ్లీషుపై సంఘానికి విముఖత లేదు. తెలిసిన మాటల్లో లయ పట్టుబడిన బిడ్డకు మరో భాష పాట భారం కాదని వారికి చెబుతూ వచ్చాము. అందరూ ఒప్పుకున్నారని అనలేము.

ఈ ఏడు అన్నిటికన్నా ఫలించింది తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ప్రదర్శనలు తగ్గి, దీపాల తొడుగులు, అలంకరణ బొమ్మలు చేస్తూ జీవిస్తున్న ఆ ఊరి కళాకారులు మన ఆహ్వానంపై వచ్చి, పలుచని మేకతోలుపై రంగులద్దే పద్ధతిని చూపించి, పిల్లలను తెర వెనక్కి రానిచ్చారు. తర్వాత కార్యకర్తలు అట్టలతో బొమ్మలు కత్తిరించి, పాత చీరను తెరగా కట్టి ఆటను కొనసాగించారు. నలుగురిలో నోరు విప్పని పిల్లలు తెర చాటున కోతిగానో కుందేలుగానో ధారాళంగా మాట్లాడుతున్నారని కార్యకర్తలు చెప్పారు. చెక్కభజన మాత్రం గదులు ఇరుకు కావడంతో ఆరుబయలు ఉన్న కేంద్రాలకే పరిమితమైంది. రంగులు, కాగితాలు యథాప్రకారం అందజేశాము.

మన ఇళ్లలోని అవ్వలకు గుర్తున్న జోలపాటలను, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటపాటలను మన సీమ యాసలోనే రికార్డు చేసి వచ్చే ఏడాది కేంద్రాలకు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఈ పనికి ముందుకు వచ్చే సభ్యులు కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వగలరు. ఆదాయ వ్యయాల పట్టికను విడిగా జతచేశాము. దానిని పరిశీలించి సమావేశంలో ఆమోదించవలసిందిగా కోరుతున్నాము.