తిరగలి తిరుగుతూ కనిపించాలి

సంపాదకులకు నమస్కారాలు.

అరకు, అనంతగిరి ప్రాంతాల్లో పర్యాటకం గురించి ఎవరు మాట్లాడినా రిసార్టులు, జిప్‌లైన్లు, సెల్ఫీ పాయింట్ల ప్రస్తావనే తప్ప, కొండ గ్రామాల పనిముట్ల ఊసు వినపడదు. కొన్నేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో నార్త్ కరోలినా వైపున్న మింగస్ మిల్లు అనే పాత పిండిమరను చూశాక, ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

1886లో కట్టిన ఆ మరకు, క్యాలెండరు బొమ్మల్లో ఉండే పెద్ద నీటి చక్రం లేదు. వాగు నీరు కొయ్య స్తంభాలపై నిలిపిన చెక్క కాలువ గుండా వచ్చి నిలువు తొట్టిలో నిండుతుంది. ఆ నీటి ఒత్తిడికి అడుగునున్న ఇనుప టర్బైన్ తిరిగి, ఇరుసు ద్వారా పై రాతిని తిప్పుతుంది. కింది రాయి కదలదు. అచ్చం మన తిరగలే, పిడి పట్టే చేతికి బదులు వాగు ఉందంతే. మర నడిపే పెద్దాయన రాలుతున్న మొక్కజొన్న పిండిని బొటనవేలితో నలిపి చూసుకుంటూ రాళ్ల మధ్య ఎడం సరిచేస్తున్నాడు. రాళ్లు మరీ దగ్గరైతే పిండి వేడెక్కుతుందట, ఎడమైతే నూక మిగులుతుందట. ఈ సంగతి ఏ బోర్డు మీద రాసినా అంతగా బుర్రకెక్కదు.

మన కొండల్లో చోళ్లు, సామలు పండుతాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మనమూ సభలు బాగానే జరుపుకున్నాం. కానీ వాటిని పిండి చేసిన తిరగలిని మాత్రం నగరంలో పూలకుండీల పక్కన అలంకారానికి పెట్టుకుంటున్నాం. (అందులో కొందరు మొక్కలు కూడా నాటుతున్నారు!)

అరకులోని గిరిజన మ్యూజియంలోనో, పద్మాపురం ఉద్యానవనంలోనో పర్యాటకుల రద్దీ ఎక్కువగా ఉండే శీతాకాలంలోనైనా చోళ్లు విసిరి చూపించే ఏర్పాటు చేయాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. అయితే మనుషులనే ప్రదర్శనకు పెట్టినట్టు కాకూడదు. విసిరే మహిళలకు సరైన రోజు కూలి ఇవ్వాలి, ఏం చూపించాలో, ఏం చెప్పాలో వారే నిర్ణయించాలి, ఆ పిండిని అక్కడే అమ్ముకునే హక్కు వారికి ఉండాలి. అరిగిన రాళ్లకు మళ్లీ గంట్లు కొట్టగల పనివారు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నారో ముందుగా ఆరా తీయడం మంచిది. వారు లేకుంటే కొత్త తిరగలి తెచ్చినా కొన్నాళ్లకే మూలన పడుతుంది.

— ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం